తమ్ముడి వారం

పోనీలే, కోస్తే కోశారు, అనుకున్నాడు, అనుకున్నాక ఒంట్లో ఏదో తేలికైనట్టు అనిపించి, జీతంలోంచి డబ్బు పోతున్నవాడికి ఇంత హాయేమిటని తన మీద తనకే అనుమానమొచ్చి, ఎదురుగా కూర్చున్న, జీతాలు చూసే లెక్కల మేడమ్ వైపు చూశాడు, ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది, ఎడమ కాడ వదులైంది, స్క్రూ అర చుట్టు బిగిస్తే సరిపోతుంది, కళ్ళజోళ్ళ దుకాణంలో జీతం తీసుకుంటూ తన జోడు బాగుచేయించుకోదు ఈవిడ, అడిగితే మీకు తీరికెక్కడిదండీ అంటుంది, తనకి ఇవాళ ఎలాగూ ఇక్కడ ఆఖరి రోజు, ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది, నొప్పి తెలియకుండా పన్ను పీకేవాళ్ళ గొంతుతో, ఏడాది సెలవులన్నీ ముందే వాడుకోవచ్చండీ, తప్పేం లేదు, కాని మధ్యలో మానేస్తే పనిచేసిన నెలలకి ఎన్నొస్తాయో అన్నే మీవి, మీరేమో మొత్తం వాడేసుకున్నారు, ఆ ఎక్కువైన వారానికి కోత తప్పదు, ఏమనుకోకండి, నేను పెట్టిన రూలు కాదు. అతను ఏమీ అనుకోలేదు, పైగా హమ్మయ్య అనుకున్నాడు, ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు ఆ వారాన్ని తప్పు కింద లెక్క కట్టారు, ఇంత అని చెప్పారు, కట్టేస్తే తీరిపోతుంది, కొత్త కంపెనీలో చేతులు కడుక్కుని చేరొచ్చు.

తీరిపోతుందా, కొండల మీద ఆ వారమంతా వాన, స్నేహితులు ముందే గదులు మాట్లాడి పెట్టారు కాబట్టి వెళ్ళారు గాని చూసిందేముంది, తడి వాసన కొట్టే గదిలో దుప్పట్లు కప్పుకుని పేకాట, కిటికీ తీస్తే మబ్బు, మూస్తే పేకాట, ఒకడికి జలుబు, ఇంకొకడికి పెళ్ళాం ఫోను మీద ఫోను, సగం రోజులు గడవకముందే ఇల్లెప్పుడు చేరతామా అనిపించింది, అయినా తిరిగొచ్చి దుకాణం వెనకగదిలో అడుగుపెట్టగానే బాగా గడిచిందా తమ్ముడూ అని అక్క అడిగితే అద్భుతం అన్నాడు, మరి అద్భుతం కూడా కాకపోతే చేసిన పనికి అర్థమేముంది, అక్కంటే తోడబుట్టిన అక్క కాదు, పక్క బల్ల మీద లెన్సులు అరగదీసే మనిషి, చేరిన రోజున ఇలా రా తమ్ముడూ, అద్దాన్ని అదమకు, మెల్లగా ఆనించు చాలు అని దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పింది, ఆ రోజు నుంచి తమ్ముడే, జ్వరమొస్తే తమ్ముడే, లెన్సు పగలగొడితే మేనేజరు ముందు వెనకేసుకొచ్చేటప్పుడు కూడా మా తమ్ముడే, వెనకగదిలో ఉన్నది ఇద్దరే కాబట్టి ఒకరు సెలవు పెడితే ఇంకొకరు కదలకూడదు, రెండు బల్లల పనీ మిగిలినవాళ్ళే చెయ్యాలి, ఆ వారం అక్కే చేసింది, చేసి నవ్వుతూ చెప్పింది కూడా, మావాడు వచ్చాడుగా, రోజూ నాతోపాటే వచ్చి నీ స్టూలు మీద కూర్చునేవాడు, మిషను చప్పుడులో ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినబడక అరుచుకున్నాం, అరగదీసిన లెన్సులన్నీ వాడే కడిగాడురా, ఓడ మీద అలవాటు కదా, వాడికి కడగడమంటే కడగడమే. మావాడంటే అక్క సొంత తమ్ముడు, సరుకుల ఓడ మీద పని, రెండేళ్ళకోసారి నేల మీదికి వస్తాడు, వచ్చినా ఉండేది ఒక్క వారమే, ఈసారి ఇద్దరూ కలిసి తమని పెంచిన పిన్ని దగ్గరికి వెళ్ళొద్దామనుకున్నారు, పిన్ని కోసం అక్క తన చేత్తో కళ్ళజోడు చేసి అట్టేపెట్టింది, దగ్గరుండి ముఖానికి సరిచేసి ఇవ్వాలని, చివరికి పోస్టులో పంపింది, అది ముక్కు మీద నిలవడం లేదట తమ్ముడూ, చెవి దగ్గర వంపు మనిషిని చూసి తిప్పాలి గాని ఊహించి తిప్పితే ఎలా నిలుస్తుందిలే, అని అది కూడా నవ్వుతూనే చెప్పింది, అతను కిందపడ్డ స్క్రూ వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు.

ఏం, ముందు అడిగినవాళ్ళదేగా వారం, అక్కని ముందే వెళ్ళి అడగొద్దని నేనేమన్నా అన్నానా, అని ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు, చెప్పుకున్న ప్రతిసారీ కొత్త అట్టపెట్టెల వాసన ముక్కుకి తగులుతుంది, ఎందుకంటే ఫ్రేముల పెట్టెలు పేర్చిన బీరువా వెనక నిలబడే విన్నాడు, భోజనాల వేళ, అక్క ఫోనులో, అవునురా, ఆ వారమే, రేపు పొద్దున్నే మేనేజర్ని అడిగేస్తా, నువ్వు టిక్కెట్లు చూడు, పిన్నికి మాత్రం చెప్పకు, గుమ్మంలో నిలబడి పిలుద్దాం, అంటున్న ఆ గొంతులో చిన్నపిల్ల ఉంది, అక్కకి అలాంటి గొంతు ఉన్నట్టు అంతవరకూ తెలియదు, అతని జేబులో స్నేహితుల మెసేజి, అదే వారం, గదులు ఖాయం, నువ్వు లేకపోతే ఎలారా, బీరువా దాటి రెండడుగులు వేసి అక్కా నాకూ అదే వారం కావాలి, ఏం చేద్దాం అంటే సరిపోయేది, ఆ మాత్రం నోరు రాలేదు, చెప్పులు చప్పుడు కాకుండా వెనక్కి తగ్గి, సాయంత్రం షట్టరు దించే వేళకి మేనేజరు గదికి వెళ్ళి నెత్తి గోక్కుంటూ అడిగితే, దానికేం, తీసుకో, ఇంకెవరూ అడగలేదుగా అన్నాడు మేనేజరు, మర్నాడు అక్క అదే గదిలోకి వెళ్ళి, వెళ్ళినంత తొందరగానే బయటికొచ్చి, మిషను వెయ్యకుండా కాసేపు ఊరికే కూర్చుని, నువ్వు కొండలకి వెళ్తున్నావటగా, చలి బట్టలు పెట్టుకో, అంది. సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది, అయినా బట్టలు సర్దుకున్నాడు.

సంతకం ఎక్కడండీ అన్నాడు లెక్కల మేడమ్‌తో, త్వరగా పెట్టేసి మెట్లు దిగితే చాలు, పెన్ను అందుకున్నవాడల్లా ఆగిపోయాడు, ఈ కోసిన డబ్బు ఎవరికి పోతుంది, దుకాణానికి, మరి దుకాణానికి ఆ వారం పోయిందేమిటి, ఒక్క జోడు ఆలస్యం కాలేదు, ఒక్క లెన్సు పగల్లేదు, రెండు బల్లలూ నడిచాయి, నడిపిన మనిషికి ఇందులోంచి చిల్లిగవ్వ ముట్టదు, తను కట్టేదంతా కట్టి మెట్లు దిగినా కింద వెనకగదిలో బాకీ బాకీగానే ఉంటుంది, మరి ఇందాకటి ఆ హమ్మయ్య ఎవరిని మోసం చెయ్యడానికి, అనుకుంటూండగా మెట్ల మీద అడుగుల చప్పుడు, ఆ అడుగులు అతనికి తెలుసు, కుడి మోకాలు నొప్పి కాబట్టి మెట్టుకో క్షణం ఆగుతాయి, అక్క తలుపు తోసుకుని లోపలికొచ్చింది, మోచేతుల దాకా లెన్సుల తెల్లటి పొడి, కింద కౌంటరు అమ్మాయి చెప్పింది, మా తమ్ముడి జీతం కోస్తున్నారటగా మేడమ్, ఏం మనుషులండీ మీరు, కొత్తచోట చేరబోయేవాణ్ణి ఉత్తి చేతులతో పంపిస్తారా, నా సెలవులు అలాగే పడున్నాయిగా, ఏడాది చివరికి ఎలాగూ మురిగిపోతాయి, అందులోంచి ఓ వారం తీసి వీడికి సర్దెయ్యండి, అంది, అలా కుదురుతుందా అని అతను లోపల్లోపల వద్దు కుదరకూడదు అని మొక్కుకుంటుంటే, మీరు సరేనంటే కుదురుతుందండీ, యజమానిగారు కాదనరు, అంది లెక్కల మేడమ్, ఆవిడకీ ఈ కోత గొడవ వదిలినందుకు సంతోషంగానే ఉంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు, అక్క దగ్గర సెలవులు ఎందుకు పడున్నాయో ఈ గదిలో తనొక్కడికే తెలుసు, ఆ వారమే ఈ వారం, ఒకసారి లాక్కున్నదాన్నే ఇప్పుడావిడ రెండోసారి తెచ్చి చేతిలో పెడుతోంది, అక్కా వద్దు అన్నాడు, నువ్వూరుకోరా, పెద్దదాన్ని నేనున్నాగా, అంది అక్క, ఊరుకుంటే డబ్బు మిగులుతుంది, తమ్ముడనే పిలుపు మిగులుతుంది, సాయంత్రం దుకాణం గుమ్మం దాకా వచ్చి జాగ్రత్తరా అని చెయ్యి ఊపుతుంది, ఊరుకుంటే అన్నీ మిగులుతాయి, ఎంత సులువు, మేడమ్ అప్పుడే పాత కాగితం పక్కకి జరిపి కొత్తది తీస్తోంది, ఎప్పుడు లేచి నిలబడ్డాడో తెలియదు, అక్కా, ఆ వారం మీ తమ్ముడు వస్తున్నాడని నాకు తెలుసు, నువ్వు ఫోనులో మాట్లాడుతుంటే బీరువా వెనక ఉండి విన్నాను, పొద్దున నువ్వు అడుగుతావనే ముందు రోజు సాయంత్రం వెళ్ళి అడిగాను, అనేశాడు, మేడమ్ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది, అక్క అతన్ని చూడలేదు, మోచేతి మీది పొడి దులుపుకుంది, దులిపిన చోటే మళ్ళీ దులుపుకుంది, అతను కాచుకుని ఉన్నాడు, తిడుతుందేమో, లేక ఎప్పటిలా సర్లే పోనీ అంటుందేమో, ఆ రెండోది అనాలని ప్రాణం ఎంతగా కొట్టుకుంటోందో గమనించి తన మీద తనకే రోత పుట్టింది, వాడు మళ్ళీ రెండేళ్ళకిగాని రాడు, అంది అక్క, అతనితో కాదు, మేడమ్‌తోనూ కాదు, తలుపు వైపు తిరిగి, అయితే కొయ్యండి మేడమ్, అంది.

అని వెళ్ళిపోయింది, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగిపోయింది, కింద మిషను మొదలైంది, అతను సంతకం పెట్టాడు, తనకి ఆ కోపం దక్కడం న్యాయమే, ఇదివరకు ఎన్నడూ దక్కనిది, లెన్సు పగిలినప్పుడు దక్కలేదు, కొండల నుంచి వచ్చి అద్భుతం అన్నప్పుడు దక్కలేదు, ఒకవేళ ముందే దక్కి ఉంటే, పక్క బల్ల మీద ఉన్నది మాటకి మాట అప్పజెప్పే మనిషి అయివుంటే, నా తమ్ముడి వారం నువ్వెలా అడుగుతావురా అని గొంతు పట్టుకునే మనిషి అయివుంటే, ఆ సాయంత్రం మేనేజరు గది వైపు తన కాళ్ళు నడిచేవే కావు, వెళ్ళాడంటే అక్క కాబట్టి వెళ్ళాడు, పల్లెత్తు మాట అనదని తెలుసు కాబట్టే వెళ్ళాడు.