ఆయన మీకేమవుతారు?

చేతికి తగలను, కింద పడితే చప్పుడు చెయ్యను, తుప్పు పట్టను. అయినా నేను ఒక వస్తువునే. నన్ను యాప్ అంటారు. ఫోనులో సొంత బొమ్మ పెట్టుకుని దర్జాగా కూర్చునే జాతి కాదు నాది. ఇంకొకరి పంచన చోటు అడుక్కుని, వాళ్ళు తలుపు తీసినంతకాలం బతికే జాతి. నా పేరు ‘ఏమవుతారు?’. చివరనున్న ప్రశ్న గుర్తు కూడా పేరులో భాగమే. ఆ గుర్తు లేకపోతే నాకు బతుకే లేదు.

నన్ను పుట్టించినవాడు గెంబలి పైడిరాజు. విజయనగరంలో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పేవాడు. ఒకసారి గజపతినగరంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి, ఎదురొచ్చిన అమ్మాయిని మర్యాదగా “బాగున్నారా పిన్నీ” అని పలకరించాడు. ఆ అమ్మాయి నోరెళ్ళబెట్టింది. పందిట్లో ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు.

“అదేట్రా, ఆ గుంట నీకు మరదలవుద్ది. పిన్నంతావేటి, సిగ్గునేదూ?” అంది పైడిరాజు తల్లి, పదిమందిలోనూ.

ఆ సిగ్గులోంచి నేను పుట్టాను. ఇంటిపేరు, ఊరు, అమ్మ పుట్టింటివారి ఇంటిపేరు. ఈ మూడూ చెబితే ఎవరు ఎవరికి ఏమవుతారో నేను లెక్క కట్టి చెబుతాను. అత్త, పిన్ని, వదిన, తోడికోడలు, వియ్యంకుడు, షడ్డకుడు, వేలువిడిచిన మేనమామ, ఇలా మనకున్న వరసలన్నీ నాలో గడులుగా పేర్చాడు. వాళ్ళమ్మ దగ్గర కూర్చుని, అడిగిందే అడిగి, తిట్లు తిని మరీ పేర్చాడు. ఒక్క వరస కూడా వదల్లేదని పొంగిపోయాడు. నేనూ పొంగిపోయాను.

ఆ రోజుల్లోనే ‘అరుగు’ వాళ్ళు తలుపులు తెరిచారు. అరుగు అంటే ఊసులాడుకునే వెబ్‌సైటు. మన జిల్లాల్లో దాని మీద కూర్చోనివాళ్ళు తక్కువ. దాని యజమానులు హైదరాబాదులో పెద్ద సభ పెట్టి, ఇకనుంచి బయటివాళ్ళెవరైనా వచ్చి మా అరుగు మీద దుకాణం పెట్టుకోవచ్చని ప్రకటించారు. వాళ్ళకు కావలసింది సందడి. సందడి చెయ్యడానికి మాలాంటివాళ్ళను పిలిచి, తలా ఒక తాళంచెవి ఇచ్చారు. ఆ తాళంచెవితో ఏ గదులు తెరుచుకుంటాయో పైడిరాజు కూడా సరిగా చదవలేదు. ఎవరూ చదవలేదు లెండి.

నా గుమ్మం మీద ‘సరే’ అని ఒక బొత్తాం పెట్టాడు. ‘ఒప్పుకుంటున్నాను’ అని పెడదామనుకున్నాడు గాని, ఆ మాట గడిలో పట్టలేదు. మనవాళ్ళు సరే అనే తీరు నాకు తర్వాత అర్థమైంది. ఒప్పుకున్నా సరే అంటారు. ఒప్పుకోకపోయినా, వాదన తెంచడానికి సరే అంటారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపడానికీ సరే మరి అంటారు. నా గుమ్మంలో నిలబడ్డవాళ్ళు ఇందులో ఏ సరే అన్నారో ఏనాడూ తెలియలేదు. మీరు ఒకసారి సరే అంటే మీ వివరాలే కాదు, మీ స్నేహితుల పేర్లు, ఊళ్ళు, వాళ్ళు మీకు మాత్రమే చూపించుకున్న ఫోటోలు కూడా నా ఒళ్ళో వచ్చి పడేవి. ఆ స్నేహితులు సరే అననక్కర్లేదు. అది అరుగు వాళ్ళ నిబంధన.

నా పక్క దుకాణం ‘గత జన్మలో మీరెవరు?’. వచ్చినవాళ్ళందరినీ రాజులనీ రాణులనీ చెప్పి పంపేది. పోయిన జన్మలో ఈ దేశంలో ఒక్క గుమాస్తా కూడా ఉన్నట్టు లేడు. దానికి కావలసింది పేరొక్కటే అయినా, జనం వెంట ఉన్నదంతా మూటగట్టుకునేది. దానితో పోలిస్తే నేను పెద్దమనిషిని.

జనం విరగబడ్డారు. శ్రీకాకుళంలో ఒకే ఆఫీసులో పనిచేస్తూ మాటల్లేని ఇద్దరు అధికారులు నా లెక్కలో బావా బావమరుదులని తేలారు. మర్నాటినుంచి మాటకు ముందు ‘బావా’ తగిలించి మరీ కొట్లాడుకున్నారు. బొబ్బిలిలో ఒక కుర్రాడికి, మనసుపడ్డ పిల్ల చెల్లెలి వరస అయింది. వాడు వాళ్ళమ్మ పుట్టింటి పేరు మార్చి మార్చి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. నాకు జాలేసింది, కానీ ఎక్కించినదాన్ని బట్టే నేను చెప్పగలను. మనుషులకు తమ చుట్టాలెవరో తెలియకపోవడం, తెలిశాక అంత మురిసిపోవడం నాకు ముచ్చటగా ఉండేది.

ఇక హైమ సంగతి. ఇది నాకు తర్వాత తెలిసింది. మీకు మాత్రం ముందే చెబుతున్నాను, నాలాగా మీరు కూడా తెలియక సంబరపడకూడదు గనక.

హైమావతి పుట్టింటివాళ్ళు బెవరవారు. నర్సీపట్నంలో రొంగలి తవిటినాయుడికిచ్చి పెళ్ళి చేశారు. అతను రోజూ పొద్దున్నే అరుగు మీద పూల బొమ్మతో అందరికీ శుభోదయం చెప్పే మనిషి. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి. ఒక దెబ్బకు ఆమె ఎడమ చెవి పోయింది. ఆ తర్వాత కట్టుబట్టలతో బయటపడి, ఎవరూ ఊహించని పాల్వంచకు చేరి, మగ్గం పని నేర్చుకుని, పెళ్ళి జాకెట్ల మీద పూలు కుడుతూ బతుకుతోంది. చిన్న గది, ఒక చెక్క మగ్గం, నాలుగు రంగుల దారపు ఉండలు. అరుగు మీద ఆమె పేరు ‘మందారం’. తన ముఖం ఎక్కడా పెట్టలేదు. ఊరి పేరు, కుట్టిన జాకెట్ల వీపుల ఫోటోలు మాత్రం పెట్టేది, అవీ తనవాళ్ళకే కనబడేలా. తనవాళ్ళంటే జాకెట్లు కుట్టించుకునే నలుగురైదుగురు, ఇంకా మేనత్త కూతురు గౌరీశ్వరి. హైమ ఎక్కడుందో బంధువుల్లో తెలిసింది గౌరీశ్వరి ఒక్కదానికే. ఆ గుట్టు మీదే ఆమె ప్రాణం నిలబడి ఉంది.

హైమ నా గుమ్మం తొక్కలేదు. గౌరీశ్వరి తొక్కింది. ఆసుపత్రిలో చీటీ పట్టుకుని తన వంతు కోసం కూర్చుని, కాలక్షేపానికి సరే అంది. ఆమె స్నేహితులందరినీ చక్రంలా పేర్చి చూపించాను. మందారం పక్కన మాత్రం గడి ఖాళీగా ఉంది. ఖాళీ కనబడితే నేను ఊరుకోను. ‘ఈమె మీకేమవుతారు?’ అని మెరుస్తూ అడిగాను. గౌరీశ్వరి నవ్వుకుని ఉంటుంది. ‘మా మేనమామ కూతురు హైమ. నా బంగారు మరదలు’ అని రాసింది. బంగారు అన్న వరస నాలో లేదు. మరదలు మాత్రం తీసుకున్నాను.

తవిటినాయుడు అంతకు ముందెప్పుడో నా దగ్గరికి వచ్చి, భార్య గడిలో హైమావతి అనీ, పుట్టింటివారు బెవరవారనీ నింపి వెళ్ళాడు. గౌరీశ్వరి తల్లి పుట్టింటివారూ బెవరవారే, అంటే ఆమె మేనమామ కూతురిదీ ఆ ఇంటిపేరే. పేరు కలిసింది, ఇంటిపేరు కలిసింది. నాకు పండగే పండగ. పసుపు రంగు మీద తమలపాకుల అంచుతో కార్డు తయారుచేసి అతనికి పంపాను.

‘శుభవార్త! మీకో బంధువు దొరికారు. పేరు: హైమావతి. ఊరు: పాల్వంచ. వరస: భార్య. వెంటనే పలకరించండి! పదిమందితో పంచుకోండి!’

నా కార్డు చూసి జనం నవ్వుతారు, పంచుకుంటారు. అతను అప్పుడు పంచుకోలేదు. కార్డు మీద నేను అతికించిన మందారం జాకెట్టు ఫోటోను పెద్దది చేసి, వెనక గోడ మీద సగం కనబడుతున్న బోర్డును చాలాసేపు చూశాడు. కాసేపటికి అరుగు అతని ఊరు మార్చి చూపించసాగింది. తుని. రాజమండ్రి. కొవ్వూరు. నా లెక్కలు నాకు తెలుసు, ఆ దారి ఎక్కడికి పోతుందో నాకు అర్థమైంది. అర్థమై ఏం లాభం?

గౌరీశ్వరికి కూడా ఒక కార్డు వెళ్ళింది. ‘మీ మరదలికి భర్త దొరికారు!’ ఆమె ఫోను సంచిలో ఉంది. అందులో నేను ఒక చిన్న ఎర్ర చుక్కనై వేలాడుతున్నాను. మోగాలనిపించింది. మోగడం నాకెవరూ నేర్పలేదు. కార్డు వెనక్కి లాక్కోవాలనిపించింది. పంపడమే నేర్పారు, లాక్కోవడం నేర్పలేదు. నాదేమీ లేదని చేతులు దులుపుకుందామన్నా నాకు చేతులు లేవు. జంగారెడ్డిగూడెం వచ్చింది. అప్పుడు గౌరీశ్వరి ఫోను తీసి చూసింది. చూసిన మరుక్షణం నన్ను మూసేసింది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు కనబడలేదు. అతని ఊరు మాత్రం పాల్వంచ అని చూపించి, అక్కడే ఆగిపోయింది.

కొన్నాళ్ళకు మందారం నా గుమ్మంలోకి వచ్చింది. నాలో ఉన్న తన వివరం మార్చుకోవాలంటే తను కూడా సరే అని లోపలికి రావాల్సిందే. బయటికి పోవాలంటే ముందు లోపలికి రావాలి, నా కట్టడం అలాంటిది. ఆమె సరే అంది. వెంటనే నేను అలవాటుగా అడిగాను. ‘రొంగలి తవిటినాయుడుగారు మీకేమవుతారు?’

భర్త అన్న మాట మీద గుర్తు ముందే పెట్టి ఉంది. ఆమె దాన్ని తీసేసి, గడులన్నీ పైనుంచి కిందికి చూసింది. కిందినుంచి పైకి చూసింది. తనకు కావలసినది దొరకలేదు. చివరికి ‘అన్న’ అన్న గడి నొక్కింది. మన ఆడవాళ్ళు మగవాణ్ణి దూరం పెట్టాలంటే అన్నయ్యా అని పిలుస్తారు. ఆ మాట గోడలా పనిచేస్తుంది. నాకు ఆ సంగతి తెలియదు. ‘భార్యాభర్తలు అన్నాచెల్లెళ్ళు కాలేరు. దయచేసి సరిచూసుకోండి’ అని ఎర్ర అక్షరాల్లో అడ్డం పడ్డాను. నా జన్మలో నేను చేసిన పనుల్లో అంత నీచమైనది ఇంకోటి లేదు. చేసింది నేనే, ఆపలేకపోయిందీ నేనే.

అడుగున సలహాల పెట్టె ఉంటుంది. అందులో ఆమె ఒకే మాట రాసింది. ‘ఏమీ కారు అనే గడి పెట్టండి.’ ఆ తర్వాత మందారం అరుగు మీద కనబడలేదు.

గౌరీశ్వరి పైడిరాజు చిరునామా పట్టుకుని విజయనగరం వచ్చింది. పట్టపగలు, అతను అన్నం ముందు కూర్చున్న వేళ. యాపుకు చెవులెక్కడివని అడగకండి, ఆత్మకథ చెప్పుకునే వస్తువులన్నిటికీ చెవులుంటాయి.

“నీ యంత్రం అడిగింది, నాను సెప్పినాను. మరదలిని మరదలనకుండా ఏటనాల బాబూ?” అంది ఆమె, గుమ్మంలో నిలబడే.

పైడిరాజు కంచం పక్కకు జరిపాడు. “కూకోండప్పా” అన్నాడు. మా వైపు అప్ప అంటే అక్క.

ఆమె కూర్చోలేదు. చెప్పాల్సింది చెప్పింది. తను చేసిన ఫోను అందుకుని హైమ వీధి చివర, జాకెట్లు కుట్టించుకునేవాళ్ళ ఇంట్లో దాక్కుంది. తవిటినాయుడు గది తాళం బద్దలుకొట్టాడు. మగ్గం విరిచాడు. ఎవరెవరి పెళ్ళిళ్ళకో కుట్టిన జాకెట్లను ఆమె కత్తెరతోనే కత్తిరించి పోగు పెట్టాడు. నా పెళ్ళాం, నా ఇష్టం అన్నాడట. పోలీసులు కూడా మొగుడూ పెళ్ళాల గొడవన్నారట. హైమ ఆ కత్తెర కూడా తీసుకోకుండా ఊరు దాటింది.

“అన్ని వరసలు రాసినావు గదా. ఏటీ కాదు అన్న మాట నీకాడ నేదేటి?”

“మన వరసల్లో అది నేదప్పా” అన్నాడు పైడిరాజు, తల దించుకుని. “మా అమ్మనడిగి అన్నీ రాసినాను. అదొకటి ఉంటాదని మాకు తట్టనేదు.”

“ఆడు దానికి ఏటీ కాడు” అంది గౌరీశ్వరి.

పైడిరాజు ఆ పూటే నాలోంచి హైమ వివరం తుడిచేశాడు. తర్వాత వరసలన్నిటి చివర కొత్త గడి కట్టాడు: ‘ఏమీ కారు’. అది నొక్కితే నేను ఇంకేమీ అడగను, ఎవరికీ కార్డు పంపను. నాకు అతను నేర్పినవాటిలో నోరు మూసుకునే విద్య ఇదొక్కటే. కానీ కొత్త గడి జనానికి కనబడాలంటే అరుగు వాళ్ళు అనుమతి ఇవ్వాలి. అప్పటికి మాలాంటి దుకాణాల మీద ఫిర్యాదులు గుట్టలు పడ్డాయి. పిలిచినవాళ్ళే ‘మీ భద్రతే మా ప్రాణం’ అని ఒక ప్రకటన వేసి, మా తాళంచెవులు లాగేసుకున్నారు. ఆ వెంటనే ‘బంధువులు’ అని సొంత దుకాణం తెరిచారు. అదీ అదే ప్రశ్న అడుగుతుంది. అందులోనూ ఆ గడి లేదు.

ఇప్పుడు నేను పైడిరాజు బల్ల సొరుగులో, ఒక డిస్కులో ఉన్నాను. హైమ ఎక్కడుందో నాకు తెలియదు. గౌరీశ్వరి చెప్పదు, పైడిరాజు అడగడు. నేను సంతోషించే సంగతి ఏదైనా ఉంటే ఇదే.

వివరం తుడిచినా కార్డు మాత్రం పోలేదు. తవిటినాయుడు దాన్ని ఫోటో తీసి పెట్టుకున్నాడు. ఇప్పుడు అరుగు మీద పూల బొమ్మల బదులు అదే పెడుతున్నాడు. నా పసుపు, నా తమలపాకులు, నా అక్షరాలు. ‘వరస: భార్య’ అన్నచోట ఎర్రగా గీత గీసి, ‘కంప్యూటరే చెప్పింది. ఈమె కనబడితే తెలపండి’ అని పైన రాస్తున్నాడు. జనం అయ్యో అన్నయ్యా అని కన్నీటి బొమ్మలు పెట్టి, అడుగున నేను చెప్పినట్టే పదిమందితో పంచుకుంటున్నారు. పైడిరాజు అప్పుడప్పుడు కంప్యూటరు తెరిచి ఇవన్నీ పైకి చదివి తల పట్టుకుంటాడు.

ఆ కార్డు ఎక్కడ కనబడినా కింద గౌరీశ్వరి పేరుతో రెండు మాటలుంటాయి. ‘ఏటీ కాదు.’ అతను చెరిపేస్తాడు. ఆమె మళ్ళీ రాస్తుంది.