శుక్రవారం మోగే పెట్టె

మా తమ్ముడు గ్రోవర్ కోసం నేను చేసిన పెట్టె అరచేతికి కాస్త పెద్దది. లోపల ఒక చిన్న చిప్పు, విషగాలిని పసిగట్టే సెన్సరు, ఒక బజరు, నాలుగైదు వైర్లు. గనిలో మందుగుండు పేలాక మిగిలే గాలికి రంగు ఉండదు, వాసన ఉండదు. మా నాన్న ఆ గాలికే పోయాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే. అదే కొండ గనిలోకి తమ్ముడు రోజూ దిగుతుంటే, మా గనుల ఊరు పొటోసీ బజారులో సెల్‌ఫోన్లూ వాషింగ్ మెషీన్లూ బాగుచేసుకుంటూ ఊరుకోవడం నావల్ల కాలేదు. సెన్సరు చూపే అంకె మూడు వందలు దాటితే పెట్టె అరవాలి, లోపలున్నవాళ్లు బయటికి పరిగెత్తాలి. అంతే దాని పని. వాణ్ణి బతికించడం ఒక్కటే దాని పని.

మొదటి శనివారం పొద్దున్నే గ్రోవర్ దాన్ని సంచిలో వేసుకుని నా కొట్టుకి తెచ్చాడు.

"అక్కా, నీ కూతురికి నోరెక్కువే. నిన్న ఊరికే కేకలు పెట్టింది. పడతా లేస్తా అందరం బయటికొచ్చాం. తీరా చూస్తే ఒక్కడికి తలనొప్పి కూడా లేదు."

"ఎక్కడ పెట్టార్రా దీన్ని?"

"మేం కూర్చుని కోకా ఆకు నమిలే చోట. బల్బుకి కరెంటు అక్కడిదాకే ఉంది మరి."

మనుషులు కూర్చునే చోటే కదా, మంచిదే అనుకున్నాను. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. వైర్ల గురించి వంద అడిగాను, ఆ ఒక్కటీ అడగలేదు.

చిప్పులతో పనిచేసే మాకందరికీ ఒక రోగం ఉంటుంది. తప్పంటూ ఉంటే అది మా బల్ల మీదే ఉంటుందనుకుంటాం. మొదట వైర్లను అనుమానించాను. గుచ్చిన వైర్లన్నీ పీకేసి టంకం పెట్టాను. తరవాతి శుక్రవారం మళ్లీ అరిచింది. కంప్రెసర్ వేసినప్పుడు కరెంటు కుంగుతుందేమోనని పెద్ద కెపాసిటర్ వేశాను. మళ్లీ అరిచింది. చిప్పు కాలు ఒకటి ఎటూ కలపకుండా వదిలేశాను, దానికి గాలివాటంగా ఏదో ఒక అంకె తోస్తుందేమోనని రెసిస్టరుతో కట్టేశాను. ప్రోగ్రాం తిరగరాశాను, ఒక్క కొలతను నమ్మకుండా పది కొలతల సగటు తీసుకునేలా. నాలుగో శుక్రవారం కూడా అరిచింది. నా కొట్టులో మాత్రం రోజంతా కిమ్మనదు. లైటర్ గ్యాసు దగ్గర పెడితే అప్పుడే లేచి అరుస్తుంది, తీసేస్తే ఊరుకుంటుంది. దానికి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

శుక్రవారమే ఎందుకన్నది నాకూ తట్టింది. ఆ రోజు పని తొందరగా ముగిస్తారు, కంప్రెసర్లన్నీ ఒక్కసారే ఆపుతారు, అప్పుడు కరెంటు ఎగురుతుంది అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. చదువుకున్న వాళ్లకి జవాబులకి కరువుండదు.

చివరికి వాళ్ల పనిముఠా పెద్ద డాన్ సెవెరో దగ్గరికి వెళ్లాను. మా వైపు పెద్దమనుషుల్ని గౌరవంగా డాన్ అంటాం. నాన్నతో కలిసి పనిచేసిన మనిషి. గని నోటి దగ్గర రాయి మీద కూర్చుని సూప్ తాగుతున్నాడు.

"ఒక్కసారి నన్ను లోపలికి తీసుకెళ్లండి. నా కళ్లతో చూస్తే గాని తెలీదు."

"నీకేమన్నా పిచ్చా, ఇంజనీరమ్మా? గని ఆడదమ్మా. ఇంకో ఆడది కాలు పెడితే ఓర్చుకోదు. ఉన్న తగరం కాస్తా దాచేసుకుద్ది. మీ నాన్న బతికున్నా ఇదే మాట అనేవాడు."

"వేరే ముఠాల్లో ఆడవాళ్లు దిగడం లేదా?"

"అందుకే వాళ్లకేం దొరకట్లా" అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "ఇదిగో, మా వాళ్లు విసిగిపోయారు. అది అరిచినప్పుడల్లా 'మీ అక్క పిలుస్తోందిరా, పాలు తాగి రాపో' అని వాణ్ణి ఏడిపిస్తన్నారు. ఇంకోసారి ఊరికే అరిచిందా, సుత్తితో ఒక్కటిచ్చుకుంటా."

నాకు ఒళ్లు మండిపోయింది. గొడవపడాల్సింది, గని నోట్లో అడ్డంగా కూర్చోవాల్సింది. పరువు అడ్డొచ్చి తిరిగొచ్చేశాను.

ఆ శనివారం గ్రోవర్ బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. "ఇంకొక్కసారి చూడక్కా. వాళ్లు నవ్వితే నవ్వనీ. అది పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంటది."

అప్పుడు చేశాను ఆ పని. జరిగేదంతా నిమిష నిమిషానికీ రాసుకునేలా మెమరీ కార్డు ఒకటి పెట్టాను. వారం తరవాత కార్డు చూస్తే నిజం తెలుస్తుంది. ఈ లోపల సుత్తి దెబ్బ పడకూడదు కదా. ప్రోగ్రాంలో మూడు వందలు చెరిపి ఆరు వందలని కొట్టాను. వారం రోజులకే, తరవాత మళ్లీ దించేద్దామనుకున్నాను. రోగం తెలియకుండా మందు వెయ్యకూడదని నా దగ్గర పని నేర్చుకునే వాళ్లకి నేనే చెబుతుంటాను.

శుక్రవారం పెట్టె అరవలేదు. గ్రోవర్ ఫోన్ చేసి, "గెలిచావక్కా! డాన్ సెవెరో కూడా శభాష్ అన్నాడు" అని ఒకటే సంబరపడ్డాడు. బాగైందిగా అని ఆ శనివారం వాడు పెట్టె తేలేదు, నేనూ తెమ్మనలేదు.

మరుసటి బుధవారం వాణ్ణి గోనె మీద మోసుకొచ్చారు. నాన్నలాగే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఎనిమిదోనాటి ప్రార్థన అయ్యాక డాన్ సెవెరో కొట్టుకి వచ్చాడు. పొద్దుట్నించీ తాగుతున్నాడు, ఆ రోజు తాగని వాళ్లెవరు. పెట్టెను కండువాలో చుట్టి తెచ్చి రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

"నేను పిలిచానమ్మా. కింద పక్క ముఠావాళ్లు పేల్చారు, గాలి బరువుగా ఉంది, పోదాం పదరా అన్నా. 'మా అక్క పెట్టె అరవలేదుగా, మీరు పొండి, కాసేపు కూర్చుని వస్తా' అన్నాడు. దాని తప్పేముందిలే తల్లీ. మొదట్నించీ అది చెడిపోయిందేగా."

కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టాను. బుధవారం పదకొండు గంటలకు నూట ఎనభై. పదకొండుంబావుకు మూడు వందల పది. పదకొండున్నరకు నాలుగు వందల ఇరవై. పన్నెండుకు ఐదు వందల నలభై. ఆ తరవాత మెల్లగా దిగింది. నా పెట్టె అంతా చూసింది, అంతా రాసుకుంది. నేను చెప్పిన అంకె రాలేదని నోరు మూసుకుంది.

చేతులు ఊరికే ఉండవు కదా, అలవాటు కొద్దీ పెట్టెకు కరెంటు ఇచ్చాను. తెర మీద పన్నెండు, పన్నెండు, పదమూడు అని పడుతున్నాయి.

"ఏందమ్మా ఆ అంకెలు?" అంటూ డాన్ సెవెరో పెట్టె మీదికి వంగాడు.

తొంభై. రెండు వందలు. మూడు వందల ఎనభై.

"ఊపిరి బిగబట్టండి" అన్నాను. వెనక్కి జరిగాడు, అంకె దిగింది. "ఇప్పుడు దాని మీద ఊదండి." ఊదాడు. నాలుగు వందల అరవై.

సారా. చవక సెన్సర్లకి విషగాలికీ సారా ఆవిరికీ తేడా తెలియదు. సెన్సరుతో వచ్చిన కాగితంలో రెండో పేజీలోనే రాసి ఉంటుంది.

"డాన్ సెవెరో, దీన్ని లోపల ఎక్కడ వేలాడదీశారు?"

"ఇంకెక్కడ? మేం ఆకు నమిలే చోట ఉన్న టియో బొమ్మ మెడలో. నీ తమ్ముడే దండలాగా వేశాడు. గనికంతటికీ రాజు ఆయన, ఆయన మెడకంటే భద్రమైన చోటేది?"

"శుక్రవారం సాయంత్రం?"

"నీకు తెలీదా? ఆయన నోట్లో పోస్తాం, కాళ్ల దగ్గర పోస్తాం, మిగిలింది మేం తాగుతాం."

నాకు తెలియకపోవడమేమిటి. గనిని ఏలే కొమ్ముల దయ్యం టియోకి శుక్రవారం సారా పోస్తారని పొటోసీలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. పుట్టినప్పట్నించీ తెలిసిన సంగతిని ఎవరు అనుమానిస్తారు? ఒక్కసారి నన్ను లోపలికి రానిచ్చి ఉంటే మొదటి ఊపిరికే పట్టేసి ఉండేదాన్ని.

డాన్ సెవెరో కాసేపు తెరనే చూశాడు. తాగినవాడైనా తెలివితక్కువవాడు కాదు.

"అంటే ఇది చెడిపోలేదా?"

"లేదు. ఒక్కరోజు కూడా చెడిపోలేదు."

"మరి బుధవారం ఎందుకు అరవలా?"

చెప్పాను. మూడు వందలు, ఆరు వందలు, వారం రోజులు, అంతా చెప్పాను. సుత్తి మాట కూడా చెప్పాను. ఆయన స్టూలు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నన్ను తిట్టలేదు, నేనూ ఆయన్ని తిట్టలేదు. తిట్టుకుని ఉంటే ఇద్దరికీ కొంచెం తేలికయ్యేది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "మీ అమ్మకి మాత్రం చెప్పమాకు తల్లీ."

చెప్పలేదు. ఏడాది దాటింది. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, ఆ పెట్టె ఆ రోజు ఎందుకు పనిచెయ్యలేదో తెలిసిందా అని. వైరు ఊడిందమ్మా అంటాను.