అలగుకు జడవని మనిషి

మా ఆయన ఏళుమలై ప్రతి ఆడికృత్తిక పండక్కీ తిరుత్తణి కొండకు పోయి మొక్కుగా అలగు గుచ్చుకుంటాడు. మూరెడు వేలాయుధం ఈ బుగ్గలో దూరి ఆ బుగ్గలో తేలినా కన్నార్పడు. అదే మనిషి తన షుగరుకు ఇన్సులిన్ వేయడానికి నేను సూది పట్టుకుంటే గోడవైపు తిరుగుతాడు. ఆ సంగతి మా అత్తిమంజేరిపేటలో ఎవరికీ తెలియకుండా ఆయన పరువు నేనే కాపాడుతూ వచ్చాను.

ఈ ఏడు మొక్కు కాపు దారం చేతికి కట్టుకున్న రోజే సూది మానేశాడు.

"విరతంలో ఉండా వల్లీ. ఒంట్లో దిగితే సామి అలగే దిగాల," అన్నాడు.

అప్పటికే చెరుకు మోడు గుచ్చుకుని కుడికాలి బొటనవేలు కాస్త వాచి ఉంది. వారం తిరిగేసరికి పాదమంతా ఎర్రగా ఉబ్బింది. నేను మెత్తగా చెప్పే రకం కాదు. ఆటోలో కూలేసి తీసుకెళ్లి తిరుత్తణిలో డాక్టరు ధాత్రి ముందు కూర్చోబెట్టాను.

ఆమె వేలు నొక్కి చూసింది. "వాపు ఉన్నంతకాలం షుగరు దిగదు. షుగరు దిగకుంటే వాపూ మానదు. ఇట్లాంటప్పుడే సూది ఎక్కువ కావాల. మీరు ఇప్పుడే ఆపినారు. మాత్రలు రాస్తా. సూది కూడా పడకుంటే వేలు తీసేయాల్సి వస్తాది."

"మరి అలగు?" అన్నాడు.

"ఈ ఏడు వద్దు."

దారంతా నాకు భయం వేసింది, అబద్ధమెందుకు. అయినా ఆ వేలు పోనిచ్చేది లేదనుకున్నాను.

ఇంటికి రాగానే సూది సిద్ధం చేశాను. "మావా, యాడ గుచ్చుకోవాలో సామి చెప్పినాడా? ఈ ఏడు బుగ్గ కాదు, పొట్ట."

 ఆయన లేచి విభూతి పూసుకుని, చొక్కా ఎత్తి, అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

"నోరు మూసుకో మావా," అన్నాను.

ఆ రోజు నుంచి ఒక్క పూట తప్పలేదు. ఆడికృత్తిక నాటికి వాపు దిగింది, వేలు దక్కింది. చెప్పులు విడవనని ఒట్టు వేయించుకుని కొండ కిందిదాకా తీసుకెళ్లాను. మా ఊరి వాళ్లంతా అక్కడే ఉన్నారు. అలగులు గుచ్చే ఆయన గుర్తుపట్టి పిలిచాడు.

"రా సామీ, నీకింకా గుచ్చలేదే."

ఏళుమలై అందరి ముందూ చొక్కా పైకెత్తి పొట్ట చూపించాడు.

"పొద్దున్నే అయిపాయ," అన్నాడు. "మా వల్లి గుచ్చింది."