జేబులన్నీ కుడివైపే

ఊరి హాలుకి ఏడు కిటికీలు. ఏడింటికీ నల్లగుడ్డ పరదాలు కుట్టడానికి టైలరమ్మకి నాలుగు రోజులు పట్టింది. పట్టపగలు సినిమా వేస్తారట, సూదిమొనంత వెలుగు కూడా లోపలికి రాకూడదట. కుట్టుకూలి ఎంతివ్వమంటావని హాలు సెక్రటరీ అడిగితే, "కూలి వద్దు బాబూ. ముందు వరసలో మధ్య కుర్చీ నాది. అది చాలు" అంది.

సెక్రటరీ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె మొగుడు మాత్రం నవ్వలేదు. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎక్కినవాళ్ళు ఎక్కడ దిగుతారో మొహం చూసి చెప్పేవాడు. కట్టుకున్నదాని సంగతి తెలియదా?

"మీ అక్క కోసమేగా?" అన్నాడు.

టైలరమ్మ నాలుక కొస పళ్ళ మధ్య నొక్కిపెట్టి సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఆ పని చేసేటప్పుడు నాలుక బయటికి రావడం ఆమె అలవాటు.

"అడిగినదానికి నాలుక చూపిస్తావేమే? పెళ్ళయినప్పట్నించీ ఇదే వెక్కిరింపు."

"మీ మొహానికి వెక్కిరింపు కూడానా? ఆ కత్తెర ఇటివ్వండి."

అక్క ఆమెకంటే పన్నెండేళ్ళు పెద్దది. తల్లి తెల్లవారకముందే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయేది కాబట్టి చెల్లెలికి జడ వేసింది అక్కే, ముద్దలు పెట్టింది అక్కే, సూది పట్టుకోవడం నేర్పిందీ అక్కే. ఇరవై రెండో ఏట జ్వరం వచ్చి పదకొండు రోజుల్లో పోయింది. ఉన్న ఒక్క ఫొటో, ఇల్లు కురిసిన ఏడాది, తడిసి ముద్దయి గోడకి అంటుకుపోయింది. అక్క పోయిన ఈ యాభై మూడేళ్ళలో ఆ ముఖం కూడా కొంచెం కొంచెంగా చెరిగిపోయింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే గొంతు వినిపిస్తుంది. చెయ్యి కనిపిస్తుంది. ఆ చెయ్యిని ఎంతమందిలో ఉన్నా పట్టేయగలదు, ఎందుకంటే అది ఎడమ చెయ్యి. వీధి వీధంతా 'పుర్రచేతి పిల్లా' అని ఏడిపించిన చెయ్యి. అక్కకి ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసి దువ్వుకున్నట్టుగా, ఆ ఎడమచేతి కుట్టుని చెల్లెలు తన కుడిచేతికి దించుకుంది. ముఖం మాత్రం ఎంత పిలిచినా రాదు.

నెల కిందట సెక్రటరీ ఆ కబురు తెచ్చినప్పటి నుంచీ ఆమెకి కంటిమీద కునుకు లేదు. వ్యాన్‌లో ప్రొజెక్టరు పెట్టుకుని పల్లెలు తిరిగే ఒకావిడ వస్తోంది. కొత్త సినిమాకి ముందు ఈ ఊరిదే ఒక పాత ఫిలిం చూపిస్తుంది. ఏటి మీద వంతెన కట్టిన ఇంజనీరుకి చేతికెమెరా పిచ్చి ఉండేది. పని జరిగినన్నాళ్ళూ కనిపించినవాళ్ళనల్లా తీశాడు. ఆయన పోయాక అటక మీద దొరికిన డబ్బాల్ని కూతురు పాత ఫిలిములు దాచే ఆఫీసుకి ఇచ్చేసింది.

వంతెన కట్టిన ఏడాదే అక్క ఆఖరి ఏడాది. పునాదుల దగ్గర నీళ్ళకి అడ్డం పెట్టడానికి ఇసుక బస్తాలు కావలసి వస్తే, ఊరి ఆడవాళ్ళంతా ఈ హాలు మెట్ల మీద కూర్చుని దబ్బనాలతో గోనెసంచులు కుట్టారు. వాళ్ళలో అక్క ఉంది.

ఆదివారం మధ్యాహ్నానికి వ్యాన్ వచ్చింది. దిగినావిడకి యాభై ఉంటాయేమో. జుట్టు ముడేసుకుని, కుర్తా చేతులు పైకి మడిచి, ఎవరినీ అది తే ఇది తే అనకుండా గంటలో హాలు రూపం మార్చేసింది. తెర బిగించి, ముడత ఎక్కడుందో అరచేత్తో తడిమి చూసింది. ప్రొజెక్టరు బల్ల కాలు కింద మడిచిన అట్టముక్క పెట్టి, కదిలించి, ఇంకో మడత విప్పింది. పని తెలిసిన చేతులు హడావిడి పడవు. టైలరమ్మ తన కుర్చీలో ముందే కూర్చుని ఆ చేతుల్నే చూస్తోంది.

పరదాల దగ్గరికొచ్చి వ్యాన్ ఆవిడ ఆగిపోయింది. అంచు పట్టుకుని ఊపింది.

"ఇవెవరు కుట్టారండీ? అడుగున బరువేదో ఉందే!"

"నేనేనమ్మా. గాలికి లేస్తాయేమోనని మడతలో పాత సైకిలు గొలుసు ముక్కలు పెట్టాను."

"పన్నెండేళ్ళుగా తిరుగుతున్నాను పిన్నీ. పరదాలకి ఇటుకలు పెట్టారు, బెంచీలు ఆనించారు, మనుషుల్ని నిలబెట్టారు. ఈ బుద్ధి ఒక్కళ్ళకీ పుట్టలేదు."

హాలు నిండింది. దీపాలు ఆర్పే ముందు ఆవిడ తెర ముందుకొచ్చి నిలబడింది.

"సినిమాలో మాట్లాడకూడదంటారు. నా దగ్గర మొదటి అరగంట మాట్లాడకపోతేనే తప్పు. తెర మీద తెలిసినవాళ్ళు కనిపిస్తే గట్టిగా అరవండి. ఎవరు, ఏం చేసేవారు, అంతా చెప్పండి. నేను రాసుకుంటాను. ఆ కాగితం డబ్బాతో పాటే ఆఫీసులో ఉంటుంది. మీరు అరవకపోతే వీళ్ళంతా ఎవరో జనం కింద మిగిలిపోతారు. ఇంకో మాట. ఈ రీలు ముసలిది, ఎండిపోయి పెళుసెక్కింది. ఒక్కసారే వెయ్యమన్నారు."

"విన్నావా?" అన్నాడు మొగుడు పక్కనుంచి. "తుమ్మొచ్చినా ఆపుకో."

ప్రొజెక్టరు టకటకమంది. తెర మీద ఏరు. ఏట్లో సగం లేచిన స్తంభాలు. నడుం లోతు నీళ్ళలో మనుషులు.

"మా తాత! ఆ గునపం పట్టుకున్నది మా తాత!"

"కోళ్ళాయన! చంకలో కోడి లేకుండా ఎప్పుడైనా చూశామా ఈయన్ని?"

"ఆ లావుపాటి మేస్త్రీ మా మేనమామే!"

"మేస్త్రీ కాదోయ్, మేస్త్రీ దగ్గర పనోడు" అని సరిదిద్దారు మాస్టారు. ఆ హాల్లో సగం మందికి చదువు చెప్పిన మనిషి. ఈ ఊళ్ళో ఎవరి ముత్తాత ఎవరో ఆయన చెబితే అదే ఖాయం. వ్యాన్ ఆవిడ చిన్న టార్చి వెలుగులో గబగబా రాసుకుంటోంది.

ఇంతలో తెర ఒక్కసారి గంతేసి బొమ్మ మసకబారింది. ఆవిడ లెన్సు తిప్పి తేటపరిచింది. ఈసారి ఒక వీధి. ఒక పెద్ద భవనం మెట్లు.

"ఇదెక్కడ?"

"మన హాలులానే ఉంది గానీ…"

"మన హాలు కాదు" అన్నారు మాస్టారు. "మెట్లెక్కేటప్పుడు చేతిపంపు మనకి కుడిపక్కనుంటుంది. ఇక్కడ చూడండి, ఎడం పక్కనుంది. వీధి పల్లం కూడా అటు. వేరే ఊరి ముక్క వచ్చి ఇందులో కలిసింది."

మెట్ల మీద ఆడవాళ్ళు. ఒళ్ళో గోనెసంచులు. మధ్యలో సన్నగా ఒక అమ్మాయి, ఆమెకి ఎదురుగా మనకి వీపు పెట్టి ఒక చిన్నపిల్ల. టైలరమ్మ కుర్చీ అంచుకి జరిగి ఆ అమ్మాయి చేతులకోసం వెతికింది. ముఖం తనని మోసం చేయొచ్చు, చెయ్యి చేయదు.

దబ్బనం కుడి చేతిలో ఉంది. ఆ కుడి చెయ్యే దారాన్ని బారెడు లాగి, దించి, మళ్ళీ పొడిచింది.

"ఈవిడేనా?" అన్నాడు మొగుడు మెల్లిగా.

"కాదు. ఆ చెయ్యి కాదు."

ఆ తర్వాత ఆమె దేన్నీ చూడాలనుకోలేదు. కానీ కళ్ళు ఊరుకోవు కదా, నలభయ్యేళ్ళ అలవాటు. తెర మీద గోడెక్కి కూర్చుని టీ తాగుతున్న ఐదుగురు మగవాళ్ళని చూస్తే ఆమెకి కనిపించింది ముఖాలు కాదు, చొక్కాలు. కాలరు బాగా కుట్టాడు. భుజం జారింది. జేబు… జేబు ఇటేమిటి?

రీలు అయిపోయింది. దీపాలు వెలిగాయి.

"రెండో ముక్క కొట్టెయ్యమ్మా" అన్నారు మాస్టారు. "'ఏ ఊరో తెలియదు' అని రాసెయ్."

వ్యాన్ ఆవిడ కలం కాగితం మీద పెట్టింది.

"అమ్మాయ్, ఆ రాత ఆపు!"

ఊరంతా ముందు వరస వైపు తిరిగింది. టైలరమ్మ లేచి నిలబడింది. ఇంతమందిలో నోరెత్తడం ఆమెకి అదే మొదలు.

"ఆ మగాళ్ళ చొక్కాలకి జేబులన్నీ కుడివైపున్నాయి."

హాలు గొల్లుమంది. "సినిమాలో కూడా కొలతలు తీస్తున్నావా పెద్దమ్మా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"తీస్తాను, నా పని అదే! చొక్కా జేబు ఎడం రొమ్ము మీద పెడతాం. ఎక్కడి టైలరైనా అంతే. ఒకడికి కుడివైపుంటే కుట్టినవాడు తాగున్నాడనుకుంటాను. ఐదుగురికీ ఉంటే? గుండీల పట్టీ కూడా ఆడవాళ్ళ చొక్కాకి లాగా అటుది ఇటు పడింది." వ్యాన్ ఆవిడ వైపు తిరిగింది. "ఎవరో కంగారులో ముక్కని తిరగేసి అతికించారమ్మా. మేమూ చేస్తుంటాం, లోపలి వైపు పైకి పెట్టి కుట్టేస్తాం."

"ఫిలిం ఏమన్నా గుడ్డా, తిరగెయ్యడానికి?" అన్నారు మాస్టారు.

వ్యాన్ ఆవిడ రీలు విప్పి అతుకు దాకా వచ్చింది. పెదవులు తడి చేసుకుని, అతుక్కి ముందున్న ఫిలిం అంచుని పెదవుల మధ్య పెట్టి తీసింది. అతుకు దాటాక మళ్ళీ పెట్టి తీసింది. రెండోసారి కూడా చూసుకుంది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఫిలింకి బొమ్మ పడే పూత ఒకవైపే ఉంటుంది" అంది అందరితో. "తడి పెదవికి అంటుకునేది పూత వైపు. ముందు ముక్కకి పూత ఇటుంది, ఈ ముక్కకి అటుంది. కొత్త ఫిలిములైతే చక్రం పళ్ళకి తగిలే చిల్లులు ఒక్క అంచుకే ఉంటాయి, తిరగేస్తే నడవనే నడవవు. ఈ పాతదానికి రెండు అంచులకీ ఉన్నాయి, ఎటు పెట్టినా నడిచిపోతుంది. పూత వైపు మారబట్టే అతుకు దగ్గర బొమ్మ మసకబారింది, చూశారా? నేనే లెన్సు తిప్పాను. ఎందుకు తిప్పాల్సొచ్చిందని ఒక్క క్షణం ఆలోచించలేదు. పిన్ని చెప్పిందే నిజం. తప్పు అతికించినవాళ్ళది, పట్టుకోలేకపోయిన తప్పు నాది."

అంత పని తెలిసిన మనిషి అంతమంది ముందు ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి టైలరమ్మకి ఆవిడ మీద గౌరవం రెట్టింపైంది. మాస్టారు రెండు చేతులూ గాల్లో పెట్టి అటూ ఇటూ మార్చుకుని, "అయితే చేతిపంపు కుడిపక్కకే వస్తుంది" అని గొణిగి కూర్చున్నారు.

అప్పుడు తట్టింది టైలరమ్మకి. మొగుడి పక్కన కుర్చీలో కూర్చుంది.

"ఏవండీ, జేబులు తిరగబడితే… ఆ చెయ్యి?"

"ఎడమది" అన్నాడు మొగుడు.

"మళ్ళీ వేస్తారా?" అన్నాడు సెక్రటరీ బెరుగ్గా. "ఒక్కసారే వెయ్యమన్నారన్నారు కదా."

"సరిగ్గా వేస్తేనే వేసినట్టు. ఆ ముక్క ఇంకా వెయ్యనే లేదు. కాకపోతే చూసుకునే వేస్తాను."

చెప్పినట్టే చేసింది. ఆ ముక్క పొడవునా రెండు అంచుల్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జార్చుకుంటూ, ఎక్కడైనా చిరుగుందేమోనని తడిమింది. కొత్త సినిమా కోసం వచ్చినవాళ్ళు విసుక్కోలేదు, చుట్టూ మూగి చూశారు. కోసి తిప్పి అతికించరాదా అని ఎవరో అడిగితే, "కోసే అధికారం నాకు లేదు, మెలిపెట్టే అధికారం ఉంది" అంది. ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి చుడుతూ మధ్యలో పూత వైపు మారేలా ఫిలింకి అరచుట్టు మెలిక వేసింది. నడుంపట్టీ కుట్టి లోపలిది బయటికి తిప్పేటప్పుడు తను కూడా అలాగే ఊపిరి బిగబడుతుందని టైలరమ్మకి గుర్తొచ్చింది. ఒక్కచోట కూడా చిట్లలేదు.

దీపాలు ఆరాయి. అదే వీధి, ఈసారి సరైన వైపు పల్లంగా. చేతిపంపు ఉండవలసిన చోటే ఉంది. "మన హాలే! అదిగో మా ఇంటి అరుగు!" అని కేకలు.

మెట్ల మీద సన్నటి అమ్మాయి. దబ్బనం ఎడమ చేతిలో. మోచెయ్యి బయటికి విసిరి, దారాన్ని చెవి దాకా లాగి, మణికట్టు చిన్నగా విదిలించింది. ఆ విదిలింపుకి టైలరమ్మ వేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదిలాయి. ఇందాక చెయ్యి కోసం వెతుకుతూ ముఖాన్ని సగమే చూసింది. ఇప్పుడు తల ఎత్తి ముఖాన్ని చూసింది. కోల ముఖం, కలిసిన కనుబొమ్మలు, నుదుటి మీద పడ్డ ఒక జుట్టుపాయ. అవును, ఆ పాయని ఊదుకునేది. ఇంతేనా, ఇంత దగ్గర్లోనే ఉన్నావా ఇన్నాళ్ళూ? అక్క కొత్త దారం తీసుకుని దబ్బనం ఎత్తి పట్టుకుంది. నాలుక కొస పళ్ళ మధ్యకి వచ్చింది.

"అదీ సంగతి" అన్నాడు మొగుడు. "ఇన్నేళ్ళూ నన్ను వెక్కిరిస్తున్నావనుకున్నాను."

అరవాలి. అరవకపోతే ఎవరో జనం కింద మిగిలిపోతుంది. టైలరమ్మ లేవబోయింది. వీపు కనిపిస్తున్న చిన్నపిల్ల తెర మీద కుడిచెయ్యి పైకెత్తి, అక్కని చూసి, మణికట్టు అచ్చంగా అలాగే విదిలించింది.

"ఆ చిన్నది మా ఆవిడ!" అని లేచి అరిచాడు మొగుడు, బస్సు హారనంత గట్టిగా.

"ఆ పెద్దది మా అక్క!" అని అరిచింది టైలరమ్మ.

కొత్త సినిమా అయిపోయాక అందరూ వెళ్ళిపోయారు. టైలరమ్మ పరదాలు విప్పి మడతలు పెడుతుంటే వ్యాన్ ఆవిడ కాగితం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"పిన్నీ, మీ అక్క వివరాలు చెప్పండి."

టైలరమ్మ అక్క పేరు చెప్పింది, ఇంటిపేరు చెప్పింది. "నాకు పని నేర్పింది అని రాయి" అంది. ఆవిడ రాసింది. కలం మూత పెట్టబోతుంటే టైలరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"పుర్రచేతి వాటం అని కూడా రాయమ్మా. పెద్ద అక్షరాలతో రాయి. మళ్ళీ ఎవరూ తిరగెయ్యకుండా."