ఆగుతూ వెళ్లిన కారు

అక్కకు యాభై ఆరో ఏట పెళ్లయింది. చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు గానీ, చెల్లెలు బుజ్జి మాత్రం సాక్షి సంతకం పెట్టి, దంపతులను సాగనంపి, ఇంటికొచ్చి అలవాటు కొద్దీ రెండు కంచాలు వేసి, ఒకటి తీసేసింది. బుజ్జి అంటే పసిపిల్ల కాదు. యాభై మూడేళ్ల మనిషి. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది.

అక్క కాపురం కొండ మీది ఊళ్లో. బావగారు తపాలా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, మాట పొదుపు. "ప్రతి ఆదివారం రావే, కారుందిగా!" అని అక్క మరీ మరీ చెప్పి వెళ్లింది.

అది నాన్న కొన్న కారు. బుజ్జి కంటే రెండేళ్లే చిన్నది. గుండ్రటి ముక్కు, నల్ల రంగు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. ఇంజను వేడి చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ముప్పై ఏళ్లుగా అక్కచెల్లెళ్లు అందులోనే తిరిగారు. నడిపేది బుజ్జి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది అక్క.

మొదటి ఆదివారం కొండ దారిలో మూడో మలుపు తిరిగేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. బుజ్జి పక్కకు ఆపి, పిట్టగోడ మీద కూర్చుంది. ఒక లారీ డ్రైవరు వేగం తగ్గించి, "మూత తీసి నీళ్లు పొయ్యండమ్మా!" అని అరిచాడు.

"ఇప్పుడు తీస్తే మొహం కాలిపోతుంది నాయనా" అంది.

గంట గడిచాక నీళ్లు పోసి, కారును వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చేసింది. తలనొప్పిగా ఉందని ఫోన్లో అబద్ధం చెప్పింది. "సరేలే, పడుకో" అంది అక్క. అంత తేలిగ్గా నమ్మేసిందేమిటా అని బుజ్జి మనసు చివుక్కుమంది.

మర్నాడు మెకానిక్ ఫ్యాను బెల్టు బిగించాడు. వేడికి తెరుచుకుని నీళ్లు వదలాల్సిన థర్మోస్టాట్ ఊడదీసి, స్టవ్ మీద మరుగుతున్న నీళ్లలో వేసి చూశాడు. బుద్ధిగా తెరుచుకుంది. గొట్టాలు నొక్కి చూశాడు. వాటికీ వంక లేదు. "ఇక మిగిలింది రేడియేటరే" అని, దాన్ని విప్పి బుజ్జి చేతికిచ్చి పంపాడు.

రేడియేటర్లు బాగుచేసే పెద్దాయన కొట్టు, ఇరుకు సందులో చివరిది. ఆయన పైతొట్టి ఊడదీసి, లోపలి సన్న గొట్టాల్లోకి ఇనుప చువ్వ దించాడు. సగం గొట్టాల్లో అది బెత్తెడు కూడా దిగలేదు.

"గార కట్టి పూడుకుపోయాయమ్మా. ఇది నిన్నమొన్నటి గార కాదు, పదేళ్లది. ఇన్నాళ్లూ ఎలా నడిపారు?"

"బాగానే నడిచిందండీ."

"ఎత్తులెక్కలేదా?"

"బోలెడుసార్లు ఎక్కాం."

"అయితే మధ్యమధ్య ఆగేవారేమో. ఆగినప్పుడల్లా ఇంజను చల్లారి ఉంటుంది."

బుజ్జికి అన్నీ గుర్తొచ్చాయి. ఆగకుండా ఏనాడు వెళ్లారు గనక! ఆపవే, కాళ్లు పట్టేశాయి. ఆపవే, ఆ కొంగల్ని చూడు. ఆపవే, టీ తాగుదాం. పది మైళ్లకు నాలుగుసార్లు ఆపించేది అక్క. "నీతో బయల్దేరితే చేరేసరికి తోడుపెట్టిన పాలు పులిసిపోతాయి" అని బుజ్జి దారి పొడుగునా సణిగేది.

"ఆగేవాళ్లం" అంది నెమ్మదిగా.

పెద్దాయన ప్రతి గొట్టాన్నీ చువ్వతో పొడిచి, గార రాల్చి, పైతొట్టి మళ్లీ అతికించి ఇచ్చాడు.

ఆదివారం కారు ఎక్కడా మొరాయించకుండా కొండెక్కింది. మలుపు మీద మలుపు దాటుతున్నా ఇంజను గొంతు మారలేదు. కొంగలు కనిపించాయి. పక్కసీటు ఖాళీగా ఉంది. ఎవరూ ఆపమనలేదు కాబట్టి బుజ్జి ఆపలేదు. యాభై నిమిషాల్లో అక్క గుమ్మం ముందుంది.

"ఇంత పొద్దున్నేనా! నేనింకా తల కూడా దువ్వుకోలేదే" అని అక్క కంగారు పడింది. భోజనాలయ్యాక ఆమె కునుకు తీసింది. అది కొత్తగా అబ్బిన అలవాటు. వరండాలో బావగారూ బుజ్జీ మిగిలారు. ఆయనే మాట కలిపాడు.

"మీ అక్క నన్ను రోజుకు రెండుసార్లైనా బుజ్జీ అని పిలుస్తుందమ్మా. తర్వాత నాలిక్కరుచుకుంటుంది."

"అయ్యో! మీరేమంటారు?"

"ఏమంటాను? పలుకుతాను."

బుజ్జికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే కళ్లు చెమర్చాయి. ఆయన చూడనట్టు వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

బయల్దేరేటప్పుడు అక్క గేటు దాకా వచ్చింది. "వచ్చేవారం మీ బావ వాళ్ల తమ్ముడింటికి వెళ్లాలే. ఆ పై వారం రా."

"అలాగేలే" అంది బుజ్జి.

ఇంటికి చేరి, ఇంజను చల్లారేదాకా మెట్ల మీద కూర్చుని, తర్వాత బానెట్ ఎత్తి రేడియేటరు మూత తీసి చూసింది. నీళ్లు పోసినవి పోసినట్టే, అంచు దాకా ఉన్నాయి. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇల్లంతా ఒకసారి చూసి, అక్కకే ఫోను చేసింది.

"చేరానక్కా. రేడియేటర్లో నీళ్లు చుక్క కూడా తగ్గలేదు."

"అంటే మంచిదేనా?" అంది అక్క. రేడియేటరంటే ఏమిటో ఆమెకు ఏనాడూ తెలియదు.

"మంచిదే" అంది బుజ్జి.

"అయితే సరే. మీ బావ పిలుస్తున్నారు, ఉంటానే."

బుజ్జి ఫోను పెట్టేసి, రేడియేటరు మూత గట్టిగా బిగించి, బానెట్ దించింది.