రెండో చప్పుడు

నేను ఒక డాప్లర్‌ని. సబ్బుపెట్టె అంత ఒళ్ళు, దానికి తీగతో వేలాడే పెన్ను లాంటి ముక్కు. ఆ ముక్కును చర్మం మీద ఆనిస్తే లోపల పారే రక్తం చప్పుడు పైకి వినిపిస్తాను. అంతకు మించి నాకేమీ రాదు. కానీ విన్నది విన్నట్టు చెబుతాను. మనుషుల్లో ఆపాటి గుణం అరుదని తర్వాత తెలిసింది.

ఫ్యాక్టరీ నుంచి నేరుగా రాజమండ్రిలో ఒక సర్జన్ గారి అద్దాల బీరువాలోకి చేరాను. ఆరేళ్ళు అక్కడే. రోగులకు చూపించడానికే తప్ప, రోగులను చూడటానికి ఆయన నన్నెప్పుడూ తీయలేదు. ప్రాక్టీసు మానేస్తూ ప్రభుత్వాసుపత్రికి ఇచ్చేశారు. అక్కడ మేడూరి సుభాషిణి గారి చేతిలో పడ్డాను. కాళ్ళ సిరల జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టరు.

ఒకరోజు ఆమె దగ్గరికి నూకరత్నం వచ్చింది. బట్టల షాపులో చీరలు చూపించే మనిషి. పద్నాలుగేళ్ళుగా రోజుకు పదకొండు గంటలు నిలబడే ఉద్యోగం. చీలమండ పైన నాలుగేళ్ళుగా మానని పుండు. ఒకరు షుగరన్నారు, ఒకరు దిష్టన్నారు, ఒకాయనైతే కాలే తీసేయాలన్నాడు. సుభాషిణి గారు ఆమెను నిలబెట్టి, నా ముక్కును మోకాలి వెనక ఆనించి, పిక్క నొక్కారు. 'హుష్'మని రక్తం పైకి పోయింది. పిక్క వదిలారు. సిర బాగుంటే అక్కడితో నిశ్శబ్దం. నూకరత్నం కాలిలో మరో 'హుష్' వినిపించింది, మొదటిదానికన్నా పొడుగ్గా. సిరలోని కవాటాలు పాడై, పైకెళ్ళిన రక్తం మళ్ళీ కిందికి జారిపోతోంది.

"కాలు తియ్యక్కర్లేదమ్మా. బిగుతుగా కట్టు కడతాను. మధ్యమధ్యలో కూర్చుని కాలు ఎత్తి పెట్టుకో."

"కూర్చోడమా? మా షాపులో కూర్చోనివ్వరండి. బేరం లేకపోయినా నుంచోవాల్సిందే."

ఆ మాట డాక్టరమ్మ గారికి ముల్లులా గుచ్చుకుంది. రెండేళ్ళ పాటు, షాపులు తెరవకముందే వెళ్ళి, సరుకు గదుల్లో మూడువందల పన్నెండు మంది ఆడవాళ్ళ కాళ్ళు పరీక్షించారు. పదేళ్ళకు పైగా నిలబడ్డవాళ్ళలో సగంమంది దగ్గర నేను రెండోసారి అరిచాను.

ఆ ఫలితాలను వ్యాసంగా రాసి పంపితే ఒక వైద్య పత్రిక, "నిలబడితే సిరలు చెడతాయని అందరికీ తెలిసిందే" అని వెనక్కి కొట్టింది. ఇంకో పత్రిక, "నిలబడటం వల్లే చెడ్డాయనడానికి ఆధారం చాలదు" అంది. ఆమె ఆ రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చూసి నుదురు కొట్టుకున్నారు. మూడో పత్రిక అచ్చు వేసింది.

ఇక చూడండి తమాషా. దేశదేశాల డాక్టర్లు తమ వ్యాసాల్లో ఆమె పేరు పేర్కొన్నారు. సిరల జబ్బుకు తొడిగే బిగుతు మేజోళ్ళ కంపెనీ ఒకటి ఆమె పట్టికను ప్రకటనలో వేసుకుంది, 'పని మధ్యలో కూర్చోనివ్వాలి' అన్న చివరి వాక్యం మాత్రం వదిలేసి. ఒక సభలో ఓ పెద్దాయన అదే పట్టికను తెర మీద చూపిస్తూ గంటసేపు మాట్లాడితే, సీట్లు చాలక వెనక నిలబడ్డవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఆమె సంచీలో ఉన్న నాకు ఒళ్ళు మండిపోయింది. రాజమండ్రిలో నూకరత్నం ఇంకా నిలబడే ఉంది. పుండు మానినట్టే మాని మళ్ళీ విచ్చుకుంటోంది.

చివరికి డాక్టరమ్మ గారు వ్యాసం చేతబట్టుకుని నూకరత్నం పనిచేసే షాపు యజమాని వీరభద్రం గారి గదికి వెళ్ళారు. ఆయన దాన్ని తిరగేసి బల్ల మీద పెట్టేశారు.

"కూర్చుంటే కొనేవాళ్ళకి మర్యాద తక్కువైనట్టుంటుందండి. అది సరే గానీ, ఎలాగూ వచ్చారు, నా కాళ్ళు కూడా ఓసారి చూద్దురూ. లాగేస్తున్నాయి."

"నిలబడండి," అన్నారామె, నన్ను బయటికి తీస్తూ.

రెండు కాళ్ళూ, ఒక్కో సిరా, ఏ తొందరా లేకుండా చూశారు. ప్రతిచోటా ఆగి కాగితం మీద రాసుకున్నారు. వీరభద్రం గారు ఈ కాలి మీదా ఆ కాలి మీదా బరువు మార్చుకున్నారు.

"ఓ కుర్చీ లాక్కోనాండి?"

"ఈ పరీక్ష నిలబడే చెయ్యాలండి. ఇంకా ఇరవై నిమిషాలే అయింది."

ఆయన తలెత్తి గది అద్దాల తలుపులోంచి షాపులోకి చూశారు. బేరాలు లేవు. అరల ముందు నూకరత్నం నిలబడి ఉంది. ఆయన మళ్ళీ కుర్చీ అడగలేదు.

"మీ సిరలకేం ఢోకా లేదు," అన్నారు డాక్టరమ్మ గారు. "కూర్చుని చేసే పని కదా."

ఆ మరుసటి వారం షాపులోకి పది స్టూళ్ళు వచ్చాయి. నలభై మందికి పది! మనుషుల ధర్మం ఎప్పుడూ ఇంత పిసినారిగానే ఉంటుంది. అయినా వచ్చాయి.

ఇప్పుడు ఆసుపత్రిలో రంగుల తెర ఉన్న స్కానింగు యంత్రం ఉంది. నేను సొరుగులో ఉంటున్నాను. ఆ వ్యాసాన్ని ఇంకా పేర్కొంటూనే ఉన్నారట, చాలామంది చివరి వాక్యం దాకా పోకుండానే. నన్ను ఆఖరిసారి బయటికి తీసింది నూకరత్నం కోసం. పుండు ఉన్నచోట నల్లటి మచ్చ మాత్రమే మిగిలింది. పిక్క నొక్కి వదిలితే నేను ఎప్పటిలాగే రెండుసార్లు అరిచాను. అబద్ధం నా వల్ల కాదు మరి.

"పుండు మానిపోయింది కదండీ, ఇంకా ఏమంటందండి ఇది?"

"పాత మాటే అంటోంది. చెడిన కవాటం బాగుపడదు, దీని నోరూ మూతపడదు," అని డాక్టరమ్మ గారు విసుగ్గా నన్ను ఆపేసి, తన కుర్చీని ఆమె వైపు జరిపారు. "నువ్వు మాత్రం కూర్చో."

నూకరత్నం కూర్చుంది.