ముందస్తు ధన్యవాదాలు

వేదిక మీద తొమ్మిది కుర్చీలు వేశారు. తొమ్మిదింటిలోనూ మగవాళ్ళే కూర్చున్నారు. వెనక బ్యానరు మీద మాత్రం ‘వర్ధమాన దేశాల మహిళా శాస్త్రవేత్తల అంతర్జాతీయ వర్క్‌షాపు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేపాల్ నుంచి, కెన్యా నుంచి, లావోస్ నుంచి విమానాలు మారి, ఆపైన మెలికల రోడ్డులో వాంతులు చేసుకుంటూ ఈ గనుల ఊరు కిరండూల్ దాకా వచ్చిన ఆడవాళ్ళేమో కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, ఆ తొమ్మిదిమందికీ శాలువాలు కప్పడం చూస్తున్నారు. శాలువాల పళ్ళెం పట్టుకుని నిలబడింది నేనే.

నా పేరు గంగారత్నం. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఇనుప గనిలో ఖనిజం తవ్వే షవల్ యంత్రం ఆపరేటరుగా వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. నేను దోమల మీద పీహెచ్‌డీ చేసి జగదల్‌పూర్‌లో ఒక చిన్న పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్నాను. ఆ రోజు మాట్లాడడానికి నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. నేను చెప్పాల్సింది ఒక్కటే. రాష్ట్రం సరిహద్దు ఊళ్ళలో పంచిన, మందు పట్టించిన దోమతెరల మీద దోమలు చావడం లేదు. వాలుతున్నాయి, కాసేపు తూలుతున్నాయి, తెల్లారేసరికి లేచి ఎగిరిపోతున్నాయి.

ఏ తెరలు కొనాలో తేల్చే తివారీ గారు వేదిక మీదే ఉన్నారు. భోజనం కాగానే వెళ్ళిపోతారు. వర్షాలకు ముందే వేరే మందు తెరలు రావాలంటే ఆయన ఈ పూటే వినాలి. ఆఫీసు చుట్టూ తిరిగితే ఆయన దర్శనం దొరకదని ఏడాదిగా తిరిగి తెలుసుకున్నాను.

చివరి వరసలో నాగేశ్వరమ్మ కూర్చుంది. ఆ సరిహద్దులోనే, తర్లగూడ వైపు ఒక తెలుగు ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త. పశువుల కొట్టాల్లో నాతోపాటు దోమలు పట్టేది. పోయిన శ్రావణంలో ఆమె మనవరాలు మలేరియాతో పోయింది. నాలుగేళ్ళ పిల్ల.

దీపం వెలిగించడానికే అరగంట పట్టింది. వెలిగించినప్పుడల్లా ఫ్యాను గాలికి ఆరిపోయేది, ఫ్యాను ఆపుదామని ఒక్కరికీ తోచలేదు. తర్వాత ఉపన్యాసాలు. స్త్రీ భూదేవి అని ఒకాయన, స్త్రీ ఆదిశక్తి అని ఇంకొకాయన. మూడో ఆయన తన భార్య ఉద్యోగం మానేసి పిల్లల్ని ఎంత గొప్పగా పెంచిందో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఒంటిగంట దాటాక మా డైరెక్టరు అప్పారావు గారు పక్కకి పిలిచారు.

"గంగా, టైం లేదమ్మా. పేపర్లన్నీ పుస్తకంలో వేసేద్దాం. నువ్వు వోట్ ఆఫ్ థాంక్స్ చెప్పేసేయ్, భోజనాలకి లేచిపోదాం."

"నా పదిహేను నిమిషాలు, సార్? వీళ్ళు ఇంత దూరం వచ్చింది శాలువాలు చూడ్డానికా?"

"ఏటమ్మా, చిన్నపిల్లలాగ? పెద్దోళ్ళు ఆకలి మీదున్నారు."

పళ్ళెం ఆయన చేతిలోనే పెట్టి మైకు దగ్గరకి నడిచాను. ఇలాంటి సభలు నేను చాలా చూశాను. వందన సమర్పణలో తన పేరు వినపడేదాకా ఏ పెద్దమనిషీ కుర్చీలోంచి లేవడు. ఆకలైనా, అర్జంటైనా ఆపుకుంటాడు.

హిందీలో మొదలుపెట్టాను, విదేశాల వాళ్ళ కోసం మధ్యమధ్య ఇంగ్లీషులోనూ చెబుతూ. టెంటు వేసినవాళ్ళకి, వంటవాళ్ళకి, బస్సు డ్రైవరుకి ధన్యవాదాలు చెప్పాను. ఆ తర్వాత కింద కూర్చున్న ఒక్కొక్క ఆడమనిషికీ పేరుపేరునా, ఆమె ఏం పరిశోధన చేస్తోందో చెప్పి మరీ ధన్యవాదాలు చెప్పాను. వాళ్ళ నోళ్ళు ఎలాగూ కట్టేశారు. వేదిక మీదివాళ్ళు తమ వంతు వస్తుందని నవ్వుమొహాలతో కూర్చున్నారు.

అప్పుడు నాగేశ్వరమ్మకి ధన్యవాదాలు చెప్పాను. ఆమె ఏం చేసిందో చెప్పాలి కదా, చెప్పాను. ఎన్ని ఊళ్ళలో దోమలు పట్టామో, తెర మీద ఎలా వదిలామో, వందకి డెబ్బై ఎలా బతికాయో అంతా చెప్పాను. అప్పారావు గారు ఒక చేత్తో పళ్ళెం పట్టుకునే గడియారం చూపిస్తున్నారు. వేదిక మీద చివరి కుర్చీలో ఆయన లేవబోయాడు. "ఇక వేదిక మీది పెద్దలు" అన్నాను. కూర్చున్నాడు. నేను మళ్ళీ దోమల దగ్గరకి వెళ్ళాను.

తివారీ గారు కాక మిగతా ఎనిమిదిమంది పేర్లూ గబగబా చదివేసి ఆఖరున అన్నాను: "తివారీ గారు వర్షాలకు ముందే ఈ ఊళ్ళకి వేరే మందు తెరలు పంపబోతున్నారు. అందుకు మా అందరి తరఫున ముందుగానే ధన్యవాదాలు."

కెన్యా ఆవిడ లేచి చప్పట్లు కొట్టింది, మిగతావాళ్ళూ లేచారు. తివారీ గారు అలవాటు కొద్దీ లేచి నమస్కారం పెట్టారు. ఫొటోలు తీశారు. అప్పారావు గారి పేరు నేను పలకనేలేదు, కావాలనే.

భోజనాల దగ్గర తివారీ గారు ప్లేటుతో నా దగ్గరకి వచ్చారు. "తెలివైనవారు మీరు," అన్నారు హిందీలో. "కానీ గోదాములో పాత స్టాకు చాలా ఉంది. ఈ ఏడు అవే పంచాలి. వచ్చే ఏడు చూద్దాం."

అప్పారావు గారు తల ఊపారు. ఇంత చేసి, చివరికి ఇదా!

"ఏందంటడు, బిడ్డా?" అంది నా పక్కనే ఉన్న నాగేశ్వరమ్మ. చెప్పాను. ఆమె విస్తరి కింద పెట్టేసింది.

"ఉన్నయే పంచుతడంటనా? అయితే నా మాట చెప్పు. మా పిల్లను ఆ తెర కిందనే పండబెట్టిన. అంచులు నా చేతులతోటే చాప కిందికి దోపిన. దోమ రాదని ఊరందరికి చెప్పి పంచింది నేనే. ఈసారి నేను పంచ. ఆయన్నే రమ్మను. ఇంటింటికి తిరిగి, దోమ రాదని ఆయన నోటితోటి చెప్పి, తల్లుల చేతుల పెట్టి పొమ్మను."

హిందీలో చెప్పాను. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు. చుట్టూ తింటున్నవాళ్ళు ఆగిపోయారు.

"వస్తడా, రాడా?" అంది నాగేశ్వరమ్మ. "అడుగు."

అడిగాను.